కట్టించినవారు – కట్టినవారు

రెండేండ్ల క్రిందట, భాద్రపదమాసంలో, మా కళాశాల విద్యార్థులు నలుబది మందిని వెంటబెట్టుకొని నిజాంసాగరం చూడబోయినాను. ఆ యేడు వానలు బాగుగా కురిసినవి. జలాశయం నిండి, గేట్ల క్రింద నుండి మంజీర తెల్లని నురుగుతో ఉరుకుచుండినది. కట్టపై నిలుచున్న పిల్లలలో ఒకడు నన్నడిగినాడు: “సార్, గిది కట్టించింది ఎవరు?” నేను నోరు విప్పకమునుపే వాని ప్రక్కనున్నవాడు జవాబు చెప్పినాడు: “నిజాం రాజు కట్టించిండు. పేర్లనే ఉన్నది గదరా!” మొదటివాడు ఊరకుండక మరల అడిగినాడు: “కట్టించింది ఆయన. మరి కట్టింది ఎవరు సార్?”

ముప్పది సంవత్సరాలుగా తెలుగు వ్యాకరణం చెప్పుచున్న నాకు ఆ ప్రశ్న విన్నంతనే తరగతిగది గుర్తుకు వచ్చినది. ‘కట్టు’ వేరు, ‘కట్టించు’ వేరు. రెండవది ప్రేరణార్థకం. ఒకరు ప్రేరేపింతురు, మరొకరు పని చేయుదురు. మన చరిత్ర పుస్తకాలలో నిండియున్నవి ప్రేరణార్థక క్రియలే. చెరువులు త్రవ్వించినారు, గుళ్ళు కట్టించినారు, చెట్లు నాటించినారు అని చదువుకొనుచున్నాము. త్రవ్విన చేతుల మాట సరేసరి. ఎక్కడ త్రవ్వవలెనో, ఎంత ఎత్తున కట్టవలెనో, నీటిని ఏ దారిన నడిపింపవలెనో ఆలోచించిన బుద్ధి యొకటి కలదను విషయమే ఆ క్రియాపదాల చాటున మరుగుపడిపోవుచున్నది. నిజాంసాగరం విషయంలో ఆ బుద్ధికి ఒక పేరున్నది. ఆయనయే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్.

నిజామాబాదు జిల్లాలో పుట్టి, ఆ కాలువనీటితో పండిన అన్నము తిని పెరిగిన విద్యార్థులలో ఈ పేరు విన్నవారెందరని ఆనాడు కట్టపైననే అడిగినాను. చేతులెత్తినవారు ఇద్దరు. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది.

శాసనం చెప్పిన పన్నెండు

ఇంజనీరును గౌరవించుట మన సంప్రదాయానికి క్రొత్త కాదు. చెరువును నిర్మించుట సప్తసంతానాలలో ఒకటి అని మన పూర్వుల విశ్వాసం. పుత్రుడు, కావ్యం, దేవాలయం, తోట ఎట్టివో, తటాకమూ అట్టిదే. కర్త గతించినను అతని పేరు నిలుపును. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి ఉన్నది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువును నిర్మించిన సందర్భంలో వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావలెనని అందులో చెప్పబడినది. మొదటిది, ధర్మబుద్ధియు సంపదయు కీర్తికాంక్షయు గల ప్రభువు. రెండవది, జలశాస్త్రమెరిగిన విద్వాంసుడు. పిదప గట్టినేల, దూరమునుండి వచ్చు తీయని నీటి నది, దాని నానుకొన్న కొండ, దృఢమైన రాతికట్ట, లోతైన విశాలగర్భం, దగ్గరలో రాతిగని, సమతలమైన సారవంతపు పొలాలు మొదలగునవి. కట్టకడపటిది, పనిలో ఆరితేరిన కూలీల సమూహం. ఆ చెరువుకు ప్రతిదినము వేయిమంది మనుషులు, నూరు బండ్లు పనిచేయగా రెండేండ్లు పట్టినదని కూడ శాసనం తెలుపుచున్నది.

మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఆరువందల యేండ్లకు పూర్వమే ఆ శాసనం సమాధానం చెప్పినదనుకొనవలెను. కట్టించినవాడు మొదట, కట్టిన చేతులు చివర, ఆ రెంటిని కలుపు శాస్త్రజ్ఞుడు రెండవ స్థానంలో ఉన్నారు. మువ్వురిలో ఎవ్వరు లేకున్నను చెరువు లేదు. అదే శాసనంలో చెరువుకు పట్టు ఆరు దోషాలు కూడ చెప్పబడినవి. వాటిని గురించి తరువాత ముచ్చటించుకొందము. నిజాంసాగరం కథకు అవి ఎంతో అవసరం.

మీర్ అహ్మద్ అలీ

అలీ నవాజ్ జంగ్ అనునది ప్రభువిచ్చిన బిరుదు. ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11వ తేదీన హైదరాబాదులో జన్మించినారు. నిజాం కళాశాలలో చదువుకొని, 1896లో ప్రభుత్వ విద్యార్థివేతనంతో ఇంగ్లండు వెళ్ళి, కూపర్స్ హిల్ లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరినారు. భారతదేశపు ప్రజాపనులశాఖకు ఇంజనీర్లను తయారుచేయుటకై ప్రత్యేకించి నెలకొల్పిన విద్యాలయమది. 1899లో తిరిగివచ్చి హైదరాబాదు రాజ్యపు ప్రజాపనులశాఖలో ఉద్యోగం ఆరంభించి, క్రమక్రమంగా చీఫ్ ఇంజనీరు పదవిని అలంకరించినారు.

ఆయన ఉద్యోగంలో చేరిన తొమ్మిదేండ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ వరద వచ్చినది. హైదరాబాదు నగరంలో వేలకొలది ప్రజలు కొట్టుకొనిపోయినారు. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నగరానికి ఎగువన వరదను పట్టి నిలుపు జలాశయాలు కట్టవలెనని సలహా యిచ్చినారు. ఉస్మాన్ సాగరం 1920లోను, హిమాయత్ సాగరం 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టినవే నగరానికి త్రాగునీరు కూడ యిచ్చినవి. శత్రువుగా వచ్చిన నీటిని సేవకునిగా మార్చుట సాధ్యమను పాఠమును ఆ తరం హైదరాబాదు ఇంజనీర్లు మూసీ ఒడ్డుననే నేర్చుకొన్నారు. ఆ పాఠాన్ని నగరపు ఎల్ల దాటించి పల్లెలకు కొనిపోయినవారు అలీ నవాజ్ జంగ్.

మెదకు సీమలో పోచారం, ఖమ్మం సీమలో వైరా, పాలేరు వంటి జలాశయాలు ఆయన కాలంలో రూపొందినవి. 1938లో జాతీయ కాంగ్రెసు ఏర్పరచిన, నెహ్రూగారు అధ్యక్షులుగానున్న జాతీయ ప్రణాళికా సంఘంలో నీటిపారుదల ఉపసంఘానికి ఆయన అధ్యక్షత వహించినారు. తుంగభద్ర నీటి పంపకంపై మద్రాసు ప్రభుత్వంతో జరిగిన దీర్ఘచర్చలలో హైదరాబాదు పక్షాన ప్రముఖంగా పాల్గొన్నారు. 1949 డిసెంబరులో కన్నుమూసినారు. కాని ఆయన పేరు చెప్పగానే మొట్టమొదట చెప్పుకొనవలసినది నిజాంసాగరమే.

కాలువ వెంట ఒక జిల్లా

మంజీర పుట్టుక మహారాష్ట్రలోని బీడు జిల్లా బాలాఘాటు కొండలలో. తూర్పుదక్షిణంగా బహుదూరం ప్రవహించి, సంగారెడ్డి ప్రాంతానికి వచ్చి, అక్కడ ఉత్తరానికి మళ్ళి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. ఈ ఉత్తరపు నడకలో అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల కడ నదికి అడ్డముగా 1923లో పని ఆరంభమై 1931లో ముగిసినది. కట్ట పొడవు ఇంచుమించు మూడు కిలోమీటర్లు. దానిమీద బండ్లు, మోటార్లు నడచుటకు పదునాలుగు అడుగుల వెడల్పు బాట. మొదట నిర్ణయించిన నిల్వ 29.72 టి.ఎం.సి.లు. ఒక టి.ఎం.సి. అనగా వందకోట్ల ఘనపుటడుగుల నీరు. తడుపదలచిన భూమి రెండులక్షల డెబ్బదియైదువేల ఎకరాలు. ప్రధానకాలువ పొడవు 155 కిలోమీటర్లు. బాన్సువాడ, వర్ని, బోధన్, నిజామాబాదు, ఆర్మూరుల దిక్కుగా సాగిపోవును.

కట్ట కంటికి కనిపించును గనుక చూడవచ్చినవారందరు దానినే మెచ్చుకొందురు. కాని ఇంజనీరు ప్రజ్ఞ కట్టలో కంటె కాలువలో ఎక్కువగా తెలియును. నీరు పల్లమెరుగునను సామెత అందరికి తెలిసినదే. పల్లం ఎక్కువైనచో నీరు ఉరికి గట్లను కోసివేయును. తక్కువైనచో నిలిచి మట్టి దిగి కాలువ పూడిపోవును. నూటయేబది కిలోమీటర్ల పొడవున, కొండలను చుట్టుకొని, వాగులను దాటుచు, ఉరుకక నిలువక నడచు వాటమును ప్రతి మైలుకు లెక్కగట్టవలెను. ఆనాడు విమానచిత్రాలు లేవు, గణకయంత్రాలు లేవు. దుర్భిణి, గొలుసు, కొలబద్ద, కాగితం, కాలినడక – ఇవియే సాధనాలు.

నిజామాబాదునుండి బోధను పోవు దారిలో, ఠాణాకలాన్ సమీపంలోనున్న అలీసాగరమును మన జిల్లావారు ఉద్యానవనంగా, విహారస్థలంగా ఎరుగుదురు. అదివారాలలో పిల్లాపాపలతో పోయి లేళ్ళను చూచి, చెట్లనీడన సద్దులు విప్పుకొని తిని వచ్చెదరు. ఆ పేరులోని అలీ ఎవరో ఆలోచించువారు తక్కువ. అది మన ఇంజనీరుగారి పేరే. అచ్చట చెరువేల? తల వద్ద గేటు ఎత్తిన నీరు కాలువ చివరికి చేరుటకు దినములు పట్టును. దిగువ రైతునకు నీరు కావలసిననాడు గేటెత్తిన ప్రయోజనం లేదు. ఈలోపల వాన పడినచో వచ్చిన నీరు వృథా. అందువలన త్రోవమధ్యలో ఒక నిల్వ ఉండవలెను. ఇంటికి దూరాన బావి యుండగా, వాకిట కుండ పెట్టుకొనుట వంటిది. ఆ కుండయే అలీసాగరం. తరువాతి కాలంలో నిజామాబాదు పట్టణానికి త్రాగునీటి ఆధారాలలో ఒకటి కూడ అయినది. ఖిల్లా క్రింది రఘునాథచెరువుతో గడపిన ఇందూరు, 2011 నాటి లెక్కలలో మూడులక్షల జనం దాటిన నగరం. పొలాలకై తలపెట్టిన నీటిలో నగరానికి సైతం పాలు దొరకినదన్నమాట.

చెరకు, చక్కెర, పట్టణం

నీరు వచ్చినంతమాత్రాన పట్టణం వచ్చునా? మధ్యలో చెరకు వచ్చినది. జొన్న, సజ్జలవలె చెరకు వానమీద బ్రతుకదు. పది పన్నెండు నెలలు చేనిలో ఉండి, నడివేసవిలోను నీరు కోరును. వానకాలపు నదిని ఎండకాలం దాక దాచియుంచు జలాశయం లేనిదే అంతటి విస్తీర్ణంలో చెరకు లేదు. ఇక కోసిన చెరకు నిలువయుండదు. కోసిన గంటనుండి రసంలోని తీపి తగ్గిపోవుచుండును. ఒక దినములో గానుగకు చేరకున్న రైతుకు, కర్మాగారానికి ఇరువురకు నష్టమే. కనుక కర్మాగారం చేల నడుమనే ఉండవలెను. చేలనుండి దానికి బాటలు ఉండవలెను. తయారైన చక్కెర పోవుటకు రైలుండవలెను. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించబడినది. జానకంపేట నుండి బోధనుకు రైలుశాఖ వచ్చినది. కర్మాగారం చుట్టు వెలసిన ఊరికి శక్కర్ నగర్ అని పేరు.

పూర్వం ఈ సీమ ముసలివారు గానుగాట దినాలను గురించి పండుగవలె చెప్పుచుండెడివారు. కార్తీకం వచ్చినదనగా చెరకుబండ్ల వరుస ఊరిదాక నిలిచెడిదట. రాత్రులందు ఎడ్ల మెడగంటలు, కర్మాగారపు కూత, గాలిలో కాగుచున్న రసపు వాసన. పిప్పిని కొలిమిలో వేసి ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితోనే యంత్రాలు త్రిప్పెడివారు గనుక చెరకులో వ్యర్థమైనదంటూ లేదు. బడులు, ఆసుపత్రి, అంగళ్ళు, జీతగాండ్ర ఇండ్లు – ఒక నాగరకత చెరకుగడ నానుకొని లేచినది. ఆసియాఖండంలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా దానిని చెప్పుకొనెడివారు.

ఇంజనీరు నగరాన్ని నిర్మించును అన్నప్పుడు మనకు మేడలు, వంతెనలు స్ఫురించును. నిజామాబాదు సీమలో జరిగినది వేరు. ఒక మనిషి నదికి వాటమేర్పరచినాడు. పొలము, కర్మాగారం, రైలు, బజారు ఆ వాటం వెంబడి తమంతట తామే వచ్చి కూర్చున్నవి.

నాణెపు రెండవ వైపు

అయితే కథయంతయు మంగళప్రదమని చెప్పుట సత్యదూరం. జలాశయగర్భంలో పల్లెలు మునిగినవి. తరతరాల పొలాలు, గుళ్ళు, సమాధులు విడిచి జనం లేచిపోయినారు. వారి పేర్లు ఏ శిలాఫలకంమీదను లేవు. ఎనిమిదేండ్లు రాళ్ళు మోసిన కూలీల పేర్లును లేవు.

కాలువ వచ్చిన క్రొత్తలో మరొక విచిత్రం జరిగినది. మెట్టసేద్యానికి, చెరువుక్రింది చిన్న మడులకు అలవాటుపడిన స్థానికరైతు ఇంత నీటిని ఏమిచేయవలెనో ఎరుగక, పెట్టుబడి లేక, వెనుదీసినాడు. 1930లలో కృష్ణా, గుంటూరు, గోదావరి మండలాల రైతులు వచ్చి భూములు కొని, క్యాంపులను పేర గ్రామాలు వెలయించినారు. కాలువసేద్యం వారికి చేతనైన విద్య. వారు కష్టజీవులు, పంట పండించి చూపినారు. కాని నీరు రాకమునుపు చౌకగా అమ్ముకొన్నవాడు నీరు వచ్చినపిదప కూలిగా నిలిచిన సందర్భాలూ లేకపోలేదు. కాలువకు వాటం లెక్కగట్టవచ్చును గాని సంపద ఏ వైపు పారునో లెక్కగట్టు దుర్భిణి ఇంజనీరు చేతిలో లేదు. అది పాలకులు, సమాజం చేయవలసిన పని.

ఆరు దోషాలు

ఇప్పుడు పోరుమామిళ్ళ శాసనంలోని ఆరు దోషాలకు వత్తము. కట్టనుండి నీరు కారుట, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై తడుపవలసిన నేల ఎక్కువగుట, నేల తక్కువై నీరు ఎక్కువగుట. అలీ నవాజ్ జంగ్ నిజాంసాగరం కట్టినప్పుడు ఈ దోషాలు దానిని అంటలేదు. ముఖ్యంగా మూడవ దోషం చూడుడు. ఆనాడు బీడు, బీదరు, మెదకు, నిజామాబాదులన్నియు ఒకే రాజ్యం. మంజీర పుట్టినది మొదలు గోదావరిలో కలియువరకు ఎవరితోను తగవులేని నది.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినది. బీడు బొంబాయి రాష్ట్రానికి, బీదరు మైసూరుకు పోయినవి. కట్ట కదలలేదు, కాని రాజ్యాల సరిహద్దులు కదలి నదిమీదికి వచ్చినవి. ఎగువన ఎవరి అవసరాలు వారివి. ఇక మన హైదరాబాదు నగరం పెరిగినది. మూసీ జలాశయాలు చాలక, 1965లో మంజీర నీటిని నగరానికి మళ్ళించినారు. 1980లలో ఎగువన సింగూరు ప్రాజెక్టు వచ్చినది. 1990లలో దాని నీరును నగరపు కుళాయిలకు చేరినది. 2004 తరువాత కృష్ణ, 2015 తరువాత గోదావరి నగరపు దాహం తీర్చుటకు వచ్చినవి గాని, నడుమ గడచిన దశాబ్దాలలో ఎన్నో వేసవులు బోధను చెరకుచేను నగరపు కుళాయికేసి చూచినది. త్రాగునీరే ముందని ఎవరు కాదందురు? అయినను నగరం త్రాగిన ప్రతి కుండ వెనుక ఒక ఎండిన మడి యుండవచ్చునని నగరవాసి ఎరిగియుండుట ధర్మం.

నాలుగవ దోషం మిట్ట. అది పూడిక రూపంలో వచ్చినది. ఎగువ నల్లరేగళ్ళనుండి వానలు మోసికొనివచ్చిన ఒండ్రు దిగి దిగి, 29.72 టి.ఎం.సి.ల గర్భం 1970లు వచ్చునప్పటికి 11.8కి కుంచించుకొనిపోయినది. నలుబదియేండ్లలో సగానికి పైగా నిండిపోయినదన్నమాట! అప్పుడు నీటిమట్టాన్ని నాలుగున్నర అడుగులు పెంచగా నిల్వ 17.8 టి.ఎం.సి.లకు వచ్చినది. నీరు తగ్గిన కొలది, తడుపవలసిన నేల అంతేయుండుటచే, అయిదవ దోషమును తోడైనది. కాలువ చివరి పొలాలకు గోదావరినుండి ఎత్తిపోతల నీరు కావలసివచ్చినది. 2021 ఏప్రిల్ లో కొండపోచమ్మసాగరం నుండి గోదావరి జలాన్ని హల్దీవాగు ద్వారా మంజీరలోనికి, నిజాంసాగరానికి వదలినారు. దిగువన గోదావరిలో కలియు నదికి గోదావరియే ఎగువనుండి వచ్చి చేయూతనిచ్చుట కాలవైచిత్రి.

ఇక చక్కెర కర్మాగారం మాట. 2002లో అది ప్రైవేటు యాజమాన్యపు భాగస్వామ్యంలోనికి పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. తెరిపించుటకు ప్రయత్నాలు, వాగ్దానాలు పలుమార్లు జరిగినవి. ఆ సీమలో చెరకు తగ్గి వరి పెరిగినది. శక్కర్ నగర్ పేరులో మాత్రం చక్కెర మిగిలినది.

మనకు మిగిలిన పని

ఈ కథ విన్నపిదప మా విద్యార్థి మరల అడిగినాడు: “అయితే సార్, కట్టినాయన లెక్క తప్పిందా?” మంచి ప్రశ్నయే. నేను చెప్పినదిది. లెక్క కొంత తప్పినది. పూడిక అనుకొన్నదానికంటె వేగంగా వచ్చినది. ఎంతటి ఇంజనీరుకైనను నేర్వవలసినది మిగిలియుండును. కాని ఎక్కువభాగం తప్పినది ఆయన తరువాతి లెక్క. ‘కట్టు’ అను ధాతువునకు ప్రేరణార్థకం ‘కట్టించు’ ఉన్నట్లే, కట్టినదానిని ‘కాపాడు’ అను క్రియ యొకటి ఉన్నది. ఎగువ నేలలలో చెట్లు నాటి మట్టిని ఆపుట, కాలువలో తీగెలు, ఒండ్రు తీయుట, తూముల చెక్కలు మార్చుట, చివరి మడి రైతుకు ముందు నీరిచ్చుట. వీటికి శిలాఫలకాలు వేయరు. ప్రారంభోత్సవాలు జరుగవు. అందుచేతనే ఇవి జరుగవు.

సెప్టెంబరు 15న దేశమంతట విశ్వేశ్వరయ్యగారి జన్మదినం ఇంజనీర్ల దినంగా జరుపుచున్నారు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం జూలై 11ను అలీ నవాజ్ జంగ్ పేర తన ఇంజనీర్ల దినంగా ప్రకటించుకొన్నది. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి యొక్కటే. ఆ దినాన పటానికి పూలమాల వేసి ఊరుకొనక, పిల్లలను ఊరిచెరువు తూముకడకు, దగ్గరి కాలువగట్టుకు తీసికొనిపొండు. నీరెక్కడనుండి వచ్చుచున్నది, ఎక్కడికి పోవుచున్నది, ఎక్కడ నిలిచిపోయినది – ఈ మూడు ప్రశ్నలు అడుగుడు. చెప్పగలిగినవారు పొలం దున్నినను, పాఠం చెప్పినను, పదవిలో కూర్చున్నను, నీటి విలువ తెలిసినవారగుదురు.

తిరుగుదారిలో మా బండి బాన్సువాడ దాటినతరువాత ప్రధానకాలువ మీది చిన్న వంతెనపై ఆగినది. కాలువ నిండుగా పారుచుండినది. ప్రశ్నలడిగిన పిల్లవాడు దిగి, చాలసేపు నీటివంక చూచి, ఒక గడ్డిపోచను తుంచి అందులో వేసినాడు. అది తొందరపడక, ఆగిపోక, ఉత్తరానికి సాగినది. “నడక మంచిగ కట్టిండు సార్” అన్నాడు వాడు.

ఆనాడు వాని నోట వచ్చిన క్రియాపదం ప్రేరణార్థకం కాదు. నేను దానిని సవరింపలేదు.